నవలపై వ్యాసం రాయడం ఎలా?
– ప్రేమ్‌చంద్ ‘గోదాన్’ ఆధారంగా ఒక పాఠం

మన సహాయంతో చదువుకుంటున్న పిల్లల మార్కుల జాబితా చేతికి రాగానే దాతలు ముందుగా చూసేది గణితం, ఆ తరువాత సైన్సు, ఇంగ్లీషు. మిగిలిన భాషల దగ్గరికి వచ్చేసరికి ‘పాసైతే చాలు’ అంటాం. ఇందులో మన తప్పేమీ లేదు. సీట్లు, ఉద్యోగాలు వాటి మీదే ఆధారపడ్డాయని అందరమూ నమ్ముతున్నాం. కానీ పాతికేళ్లకు పైగా తరగతి గదిలో గడిపిన అనుభవంతో ఒక మాట మనవి చేస్తాను. ఒక విషయాన్ని చదివి, దాని మీద తన సొంత అభిప్రాయం ఏర్పరచుకుని, ఆ అభిప్రాయం ఎందుకు సరైనదో ఎదుటివారికి ఆధారాలతో చూపించడం పిల్లలు నేర్చుకునేది భాషా తరగతిలోనే. లాయరుకు, డాక్టరుకు, చిన్న వ్యాపారికి, ఇంటి లెక్క చూసుకునే ఇల్లాలికి కూడా ఈ విద్య కావాలి.

ఆ విద్యకు బడిలో పెట్టే పరీక్ష పేరే నవలపై వ్యాసం. హైస్కూలు తరగతుల్లో పుస్తక సమీక్ష రాయమంటారు. ఇంటర్లో, డిగ్రీలో నవల మీద పెద్ద ప్రశ్న ఇస్తారు. సరిగ్గా ఇక్కడే మన పిల్లలు వెనకబడుతున్నారు. తెలివి లేక కాదు. ప్రశ్న తమను ఏమడుగుతోందో వారికి ఎవరూ విడమరచి చెప్పలేదు. ఇంట్లో పుస్తకాలు ఉన్న పిల్లవాడికి అన్నో అక్కో చెబుతారు. మొదటి తరం చదువుకునే పిల్లవాడు బజారులో గైడు కొంటాడు, లేదా ఫోనులో దొరికింది ఎక్కిస్తాడు. అందుకే ఈ పాఠాన్ని పిల్లల కోసమూ, వారికి అండగా నిలిచే పెద్దల కోసమూ కలిపి రాస్తున్నాను.

కథ చెప్పడం వేరు, విశ్లేషించడం వేరు

నవల పెద్దది గనుక ముందు ఒక చిన్న కథతో మొదలుపెడదాం. ప్రేమ్‌చంద్ ‘ఈద్గాహ్’ కథ మన ఇళ్లలో తెలియనివారు అరుదు. తల్లిదండ్రులు లేని హామిద్ నాయనమ్మ అమీనా దగ్గర పెరుగుతుంటాడు. పండుగ రోజు మూడు పైసలతో తిరునాళ్లకు వెళ్తాడు. స్నేహితులు బొమ్మలు, మిఠాయిలు కొనుక్కుంటే తాను నాయనమ్మ కోసం పట్టకారు కొంటాడు. రొట్టెలు కాల్చేటప్పుడు ఆమె చేతులు కాలుతున్నాయి గనుక.

‘ఈ కథను విశ్లేషించండి’ అంటే పదిమందిలో తొమ్మిదిమంది పై పేరానే రెండు పేజీలకు సాగదీసి రాస్తారు. చివర ‘హామిద్ త్యాగం గొప్పది’ అని ఒక వాక్యం చేరుస్తారు. ఇది కథ చెప్పడమే. ఉపాధ్యాయుడికి కథ తెలుసు. ఆయన అడిగింది కథను కాదు.

పదో పిల్లవాడు ఇలా అడుగుతాడు: హామిద్‌కు బొమ్మల మీద ఆశ లేదా? ఉంది. వాటిని ఒక్కసారి చేతిలోకి తీసుకోవాలని వాడు ఆశగా చూస్తాడు. మరి ఆ ఆశను రచయిత ఎందుకు చూపించాడు? ఆశే లేని పిల్లవాడు పట్టకారు కొంటే అందులో విశేషమేమీ ఉండదు. ఆశ ఉండీ దాన్ని పక్కన పెట్టాడు గనుకనే ఆ మూడు పైసలకు అంత బరువు వచ్చింది. ఇదీ విశ్లేషణ. ‘ఏం జరిగింది?’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోకుండా ‘ఎందుకు అలా జరిగింది? రచయిత దాన్ని అలాగే ఎందుకు చూపించాడు?’ అన్న ప్రశ్నల దాకా వెళ్లడం.

మనం తీసుకునే నవల

అదే రచయిత నవల ‘గోదాన్’ను ఉదాహరణగా తీసుకుందాం. ప్రేమ్‌చంద్ అసలు పేరు ధన్‌పత్ రాయ్. 1880లో కాశీ దగ్గరి లమహీ గ్రామంలో పుట్టాడు. మొదట్లో నవాబ్ రాయ్ అనే పేరుతో ఉర్దూలో రాశాడు. 1908లో వచ్చిన ఆయన ఉర్దూ కథల పుస్తకం ‘సోజె వతన్’ ప్రతులను ఆంగ్ల ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఆయన బడిపంతులుగా, పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసి, గాంధీజీ పిలుపుతో 1921లో ఉద్యోగం వదిలేశాడు. ‘గోదాన్’ 1936లో వెలువడింది. అదే ఏడాది అక్టోబరులో ఆయన కన్నుమూశాడు.

వ్యాసంలో రచయిత గురించి ఇంతకు మించి అవసరం లేదు. మన పిల్లలు మొదటి పేజీ అంతా రచయిత జీవితంతో నింపేస్తారు. మార్కులు ఇచ్చేవారు అడిగింది నవల గురించి. రచయిత జీవితంలోని ఏ విషయమైనా మన వాదనకు పనికొస్తేనే రాయాలి.

కథ క్లుప్తంగా ఇది. అవధ్ ప్రాంతంలోని బేలారీ గ్రామంలో హోరీ అనే పేద రైతు. భార్య ధనియా, కొడుకు గోబర్, కూతుళ్లు సోనా, రూపా. ఇంటి ముందు ఒక ఆవు ఉండాలని హోరీ కోరిక. భోలా అనే పశువుల కాపరి దగ్గర ఎనభై రూపాయలకు అరువు మీద ఆవును తెస్తాడు. అసూయతో సొంత తమ్ముడు హీరా దానికి విషం పెట్టి పారిపోతాడు. గోబర్, భోలా కూతురైన ఝునియా అనే వితంతువు ప్రేమించుకుంటారు. గర్భవతి అయిన ఆమెను ఇంటికి పంపి గోబర్ భయంతో లక్నోకు పారిపోతాడు. హోరీ దంపతులు ఆమెను ఆదుకుంటారు. అందుకు ఊరి పంచాయతీ జరిమానా వేస్తుంది. అప్పు మీద అప్పు పెరిగి రైతు కూలీ అవుతాడు. చివరికి ఎండలో కంకర తవ్వుతూ వడదెబ్బ తగిలి చనిపోతాడు. చనిపోయేవారి పేరిట ఆవును దానం ఇవ్వడాన్ని గోదానం అంటారు. జీవితమంతా ఒక్క ఆవు కోసం తపించిన మనిషి చేత చివరి ఘడియలో ఆవును దానం ఇప్పించమని ఊరు అడుగుతుంది. శీర్షికలోని చేదు అదే.

చదవడం రెండుసార్లు

36 అధ్యాయాల నవలను ఒకసారి చదివి వ్యాసం రాయడం ఎవరివల్లా కాదు. మొదటిసారి కథ కోసం హాయిగా చదవనివ్వాలి. మధ్యలో ఆపి ప్రశ్నలు వేయకూడదు. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదవాలి. నోటుపుస్తకంలో పేజీని మూడు నిలువు గళ్లుగా గీయించండి. మొదటి గడిలో పేజీ సంఖ్య, రెండో గడిలో ఏం జరిగింది, మూడో గడిలో ‘నాకేమనిపించింది’ లేదా ‘ఇలా ఎందుకు?’ అన్న ప్రశ్న. నవల పూర్తయ్యేసరికి మూడో గడిలో ఒకే రకమైన ప్రశ్న పదే పదే కనబడుతుంది. ‘హోరీ ఇక్కడ ఎందుకు తలవంచాడు? ఇక్కడ కూడా ఎందుకు?’ అని. అలా తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నే వ్యాసానికి విత్తనం.

ఒక హెచ్చరిక. ‘గోదాన్’లో పల్లె కథతో పాటు పట్నం కథ కూడా ఉంది. జమీందారు రాయ్ సాహెబ్, ప్రొఫెసర్ మెహతా, డాక్టర్ మాలతి, మిల్లు యజమాని ఖన్నా, మీర్జా ఖుర్షేద్ అందులోని వారు. పిల్లలు పట్నం అధ్యాయాలను దాటేస్తుంటారు. గైడులు కూడా వాటిని నాలుగు మాటల్లో తేల్చేస్తాయి. కానీ పల్లెలో రైతు కట్టే డబ్బు ఎటు పోతుందో తెలిసేది ఆ అధ్యాయాల్లోనే. కష్టమనిపించిన భాగాన్ని వదిలేయకుండా ‘ఇది ఇక్కడ ఎందుకుంది?’ అని అడగడం అలవాటు చేయాలి.

వాదన: వ్యాసానికి వెన్నెముక

వ్యాసం మొత్తం ఒక వాక్యం చుట్టూ నిలబడాలి. దాన్ని వాదన అందాం. మూడు ఉదాహరణలు చూడండి.

ఒకటి: ‘గోదాన్ చాలా మంచి నవల.’ ఇది మెచ్చుకోలు.

రెండు: ‘గోదాన్ రైతు కష్టాలను వర్ణిస్తుంది.’ ఇది నిజమే. కానీ కాదనేవారు ఎవరూ లేరు. కాదనేవారు లేనిచోట నిరూపించాల్సింది ఏమీ ఉండదు.

మూడు: ‘హోరీని అప్పులవాళ్ల కంటే ముందు, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయమే ముంచింది.’ ఇదీ వాదన. ‘కాదు, జమీందారీ పద్ధతే ముంచింది’ అని మరో పిల్లవాడు లేచి నిలబడవచ్చు. అలా ఎదురు చెప్పడానికి వీలున్న వాక్యం దొరికితే సగం వ్యాసం రాసినట్టే.

పిల్లలకు నేను చెప్పే పరీక్ష ఇది: నీ వాక్యం పక్కవాడికి వినిపించు. వాడు ‘అవును’ అని ఊరుకుంటే ఇంకా వెతుకు. ‘ఎలా చెప్పగలవు?’ అని అడిగితే రాయడం మొదలుపెట్టు.

ఆధారాలు ఎలా ఏరుకోవాలి?

మూడో వాక్యాన్ని నిరూపించాలంటే నవలలోనుంచి సంఘటనలు కావాలి. నోటుపుస్తకం తీసి చూస్తే మూడు దొరుకుతాయి.

మొదటిది, దరోగా రాక. ఆవు చచ్చిపోయాక పోలీసు దరోగా వచ్చి, పారిపోయిన హీరా ఇల్లు సోదా చేస్తానంటాడు. తమ్ముడి ఇంట్లో సోదా జరిగితే కుటుంబం పరువు పోతుందని హోరీ అప్పుచేసి లంచం ఇవ్వడానికి సిద్ధపడతాడు. నష్టపోయింది తాను, డబ్బు కట్టేదీ తానే. ధనియా అడ్డుపడి ఆ డబ్బును నేలపాలు చేస్తుంది.

రెండోది, పంచాయతీ. ఝునియాకు ఆశ్రయమిచ్చినందుకు వంద రూపాయల నగదు, ముప్పై మణుగుల ధాన్యం జరిమానా వేస్తారు. హోరీ ఇల్లు తాకట్టు పెడతాడు. కళ్లంలోని ధాన్యాన్ని తన తల మీదే మోసుకెళ్లి అప్పగిస్తాడు. ఈ తీర్పు చెప్పిన పెద్దల్లో దాతాదీన్ అనే పురోహితుడు ఒకడు. అతని కొడుకు మాతాదీన్ సిలియా అనే దళిత స్త్రీతో సంబంధం పెట్టుకున్న సంగతి ఊరంతటికీ తెలుసు. అతనికి ఏ జరిమానా లేదు.

మూడోది, రూపా పెళ్లి. పొలం చేజారిపోకుండా కాపాడుకోవడానికి రెండు వందల రూపాయలు తీసుకుని, ఇంచుమించు తన వయసువాడైన రామ్‌సేవక్‌కు చిన్న కూతురినిస్తాడు. పొలం ఉంటేనే ఊళ్లో రైతు. అది పోతే కూలీ. ఆ మర్యాద నిలుపుకోవడానికి కూతురి వయసును చెల్లించాడు.

ఇక్కడ ఒక నియమం. ప్రతి సంఘటన పక్కన పేజీ సంఖ్య ఉండాలి. నవలలోని మాటలను యథాతథంగా వాడితే కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. ఒకటి రెండు వాక్యాలు చాలు. ఎత్తిరాసిన వాక్యం కంటే దాని కింద పిల్లవాడు రాసిన వివరణ పొడవుగా ఉండాలి.

ఎదురు ఆధారాన్ని దాచవద్దు

తెలివైన పిల్లలు కూడా జారిపోయేది ఇక్కడే. తమ వాదనకు సరిపోని సంఘటన కనబడితే దాన్ని చూడనట్టు వదిలేస్తారు. నిజానికి వ్యాసం ఎదిగేది అక్కడే.

హోరీ నలుగురికీ భయపడేవాడే అయితే, గర్భిణి అయిన ఝునియాను అర్ధరాత్రి ఎందుకు గెంటేయలేదు? మొదట కోపంతోనే వెళ్లాడు. ఆమె కాళ్ల మీద పడేసరికి కరిగిపోయాడు. ఊరు ఏమంటుందో తెలిసే ఇంట్లో ఉండమన్నాడు. ఆవును చంపిన తమ్ముడిని కాపాడడానికి కొడుకు తల మీద చేయి పెట్టి అబద్ధపు ప్రమాణం చేశాడు. హీరా పారిపోయాక అతని భార్య పునియా పొలం పనులు తానే చూశాడు. ఇవన్నీ పిరికివాడు చేసే పనులు కావు.

అప్పుడు వాదనను సరిదిద్దుకోవాలి. ‘హోరీ తన మనిషితనాన్ని ఎన్నడూ వదులుకోలేదు. కానీ ఆ మనిషితనానికి ఊరు వేసిన జరిమానాను న్యాయమేనని నమ్మాడు. అతన్ని ముంచింది ఆ నమ్మకం.’ మొదటి వాక్యం కంటే ఇది ఎంత లోతుగా ఉందో చూడండి. ఎదురు ఆధారం వల్ల వాదన కూలిపోలేదు, పదునెక్కింది. తన మాటకు వ్యతిరేకంగా ఉన్నదాన్ని నిజాయితీగా చూసి, తన మాటను మార్చుకోగలగడం పెద్దవాళ్లమైన మనకూ అంత సులువు కాదు. పదిహేనేళ్ల పిల్లవాడికి దాన్ని నేర్పగలిగితే ఆ నవల చదివించినందుకు ఫలితం దక్కినట్టే.

ఒక పేరా ఎలా ఉండాలి?

ప్రతి పేరాలో మూడు మెట్లు ఉండాలి: చెప్పదలచుకున్న మాట, దానికి ఆధారం, ఆ ఆధారం ఆ మాటను ఎలా నిలబెడుతుందో వివరణ. మూడో మెట్టు లేని పేరాలే ఎక్కువ కనబడతాయి. నమూనాగా ఒకటి ఇస్తున్నాను.

‘హోరీ తనకు జరిగిన అన్యాయాన్ని ధర్మంగానే స్వీకరిస్తాడు. ఝునియాకు నీడనిచ్చినందుకు పంచాయతీ జరిమానా వేసినప్పుడు అతను వాదించడు. కళ్లంలోని ధాన్యాన్ని తానే మోసుకెళ్లి పెద్దల ముందు పోస్తాడు. ఎవరూ అతని చేయి పట్టి లాక్కెళ్లలేదు. ఆ బరువును అతనే తల మీదికి ఎత్తుకున్నాడు. ధనియా మాత్రం ఎదురు తిరుగుతుంది. ఒకే ఇంట్లో ఒకే కష్టం అనుభవిస్తున్న ఇద్దరిలో ఒకరు తలవంచడం, మరొకరు ప్రశ్నించడం చూపించి, లొంగిపోవడం పేదరికం వల్ల మాత్రమే వచ్చేది కాదని రచయిత మనకు తెలియజేస్తాడు.’

ఇందులో కష్టమైన పదం ఒక్కటీ లేదు. గ్రాంథికంగా రాస్తేనే మార్కులు వస్తాయన్న భ్రమ పిల్లల్లోనుంచి పోగొట్టాలి.

ఆరు వందల మాటల వ్యాసమైతే ఇలా పంచుకోవచ్చు: ప్రారంభానికి 80, మూడు పేరాలకు ఒక్కోదానికి 130 చొప్పున 390, ముగింపుకు 130. ప్రారంభంలో నవల పేరు, రచయిత, కాలం ఒక వాక్యంలో చెప్పి వెంటనే వాదనకు రావాలి. ముగింపులో చెప్పిందే మళ్లీ చెప్పకుండా, నవల చివరి దృశ్యాన్ని ఆ వాదన వెలుగులో చూడాలి. సుతిలి తాళ్లు అమ్మగా వచ్చిన ఇరవై అణాలను ధనియా భర్త చల్లబడిన చేతిలో పెట్టి, అదే అతని గోదానమని దాతాదీన్‌తో అంటుంది. ఇరవై అణాలంటే రూపాయి పావలా. ఎనభై రూపాయల ఆవుతో మొదలైన కోరిక రూపాయి పావలా దగ్గర ముగిసింది. జరిమానా విధించిన ఆ పెద్దమనిషే చివరి దానాన్నీ అందుకోవడానికి అక్కడ నిలబడి ఉన్నాడు. ఈ రెండు విషయాలు పక్కపక్కన పెట్టగలిగిన పిల్లవాడికి ముగింపు వాక్యం ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంటి భాష, బడి భాష

మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగులోనో ఇంగ్లీషులోనో రాస్తారు. ఆలోచన ఒక భాషలో పుడుతుంది, పరీక్ష మరో భాషలో జరుగుతుంది. ఈ మధ్య దూరంలోనే చాలా మంచి ఆలోచనలు రాలిపోతాయి. ‘నాకేమీ తోచలేదు సార్’ అనే పిల్లవాడిని ఇంటి భాషలో చెప్పమంటే, హోరీ గురించి పది నిమిషాలు ఆగకుండా చెబుతాడు. కాబట్టి ముందు నోటితో చెప్పించాలి. ఏ భాషలో అయినా ఫరవాలేదు. ఇంట్లో అమ్మకు, నానీకి కథ చెప్పి ‘హోరీ చేసింది సరైనదేనా?’ అని అడగమనాలి. చదువురాని పెద్దవాళ్లు కూడా దీనికి గట్టి జవాబులు ఇస్తారు. అప్పు, పరువు, ఆడపిల్ల పెళ్లి తెలియని ఇల్లు ఏది? ఆ తరువాత ముఖ్యమైన మాటలు రాయించి, చివరగా వ్యాసం రాయించాలి. ఇంటి భాష అడ్డంకి కాదు, మొదటి మెట్టు.

రాసిన తరువాత అడగాల్సిన ఐదు ప్రశ్నలు

తల్లిదండ్రులు, ట్యూషన్ చెప్పే యువకులు వ్యాసాన్ని దిద్దేటప్పుడు ఈ ఐదు చూస్తే చాలు.

1. వాదన ఒక్క వాక్యంలో చెప్పగలమా?
2. కథ చెప్పిన భాగం మొత్తం వ్యాసంలో నాలుగో వంతు మించిందా?
3. ప్రతి పేరాలో నవలలోని సంఘటన ఒకటైనా ఉందా? పేజీ సంఖ్య ఉందా?
4. వాదనకు ఎదురు నిలిచే సంఘటనను ఒక్కదాన్నైనా ప్రస్తావించారా?
5. ‘రచయిత చాలా చక్కగా, హృద్యంగా రాశారు’ వంటి వాక్యాలు తీసేస్తే వ్యాసంలో ఏమైనా మిగులుతుందా?

అక్షరదోషాలు ఆ తరువాత. మొదటి ప్రతిలోనే ఎర్ర సిరాతో పేజీ నింపేస్తే పిల్లవాడు రెండో ప్రతి రాయడు. రెండో ప్రతిలోనే అసలు నేర్చుకోవడం జరుగుతుంది.

దాతలకు ఒక విన్నపం

ప్రతి ఏటా ఫీజులు, నోటుపుస్తకాలు, యూనిఫారాలు ఇస్తున్నారు. అవి లేకుండా ఏదీ మొదలుకాదు. వాటితో పాటు, ఖర్చు తక్కువైనా ఫలితం ఎక్కువగా ఉండే నాలుగు పనులు సూచిస్తాను.

యాభై రకాల పుస్తకాలు ఒక్కొక్క ప్రతి కొనే బదులు, ఐదు నవలలు పదేసి ప్రతుల చొప్పున కొనండి. పదిమంది ఒకే పుస్తకం ఒకేసారి చదివితేనే వాదన పుడుతుంది. వాదన లేనిదే వ్యాసం లేదు.

గైడులకు బదులు మూల పుస్తకాలే ఇవ్వండి. గైడు జవాబు ఇస్తుంది, నవల ప్రశ్న ఇస్తుంది.

వారానికి ఒక గంట, ఒక గది, ఒక పెద్ద మనిషి తోడు ఏర్పాటు చేయండి. ఇరుకు ఇళ్లలో ఉండే పిల్లలకు, ముఖ్యంగా సాయంత్రం ఇంటిపనిలో మునిగిపోయే ఆడపిల్లలకు, ఎవరూ లేపని ఒక కుర్చీ దొరకడమే పెద్ద సహాయం.

బహుమతులు ఇచ్చేటప్పుడు అందమైన చేతిరాతకు ఒకటి ఇస్తే, సొంత ఆలోచనకు మరొకటి ఇవ్వండి. మొదటి ప్రతి, రెండో ప్రతి పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కువ మెరుగుపడ్డారో చూసి ఇవ్వండి. అప్పుడు వెనుక బెంచీ పిల్లవాడికీ అవకాశం ఉంటుంది.

హోరీకి చదువు లేదు. తనకు వేసిన జరిమానా న్యాయమా కాదా అని ఎలా అడగాలో అతనికి ఎవరూ నేర్పలేదు. ధనియా అడిగింది గానీ ఆమె మాట విన్నవారు లేరు. అడగడమూ, ఆధారం చూపడమూ, ఎదుటివారు వినేలా చెప్పడమూ మన పిల్లలకు నేర్పుదాం. నవలపై వ్యాసం అందుకు ఒక మంచి సాధన.